నల్లకోడి కడుపున తెల్లపిల్ల

వేసవి సెలవులకి వచ్చిన మనవరాలు పొద్దున్నే పెరట్లోంచి కేకేసింది. "తాతయ్యా, నీ కడక్‌నాథ్‌లకి తెల్లపిల్లలు పుట్టాయి!"

చేతిలో కాఫీ గ్లాసుతోనే వెళ్లాను. పాత గంపలో, ఊక మీద, మా నాటుపెట్ట ఒళ్లంతా ఉబ్బించుకుని కూర్చుంది. చెయ్యి పెడితే పొడిచేలా ఉంది. మెల్లగా పక్కకి జరిపి లెక్కపెట్టాం. 13 గుడ్లకి 12 పిల్లలు. తొమ్మిది బొగ్గుపొడిలో దొర్లినట్టున్నాయి. మూడు మాత్రం అలా లేవు. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని, వెల్లకిలా పెట్టి, పొట్ట మీది నూగుని నోటితో ఊదాను. నూగు విడిపోయి తోలు కనపడింది. లేత గులాబిరంగు. మామూలు కోడిపిల్ల తోలు.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. వాటి తల్లిదండ్రుల్ని రెండేళ్ల కిందట సంతలో కొన్నాను. అమ్మినతను పిల్ల నోరు వేలితో తెరిచి నల్లనాలుక చూపించాడు. "ఒరిజినల్ సార్, ఝాబువా మాల్" అన్నాడు. ఝాబువా అంటే మధ్యప్రదేశ్‌లో ఈ నల్లకోళ్ల పుట్టిల్లు. ముప్పై ఏళ్లపైన బడిపిల్లలకి జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, నాలుక చూసి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేశాను. పది పిల్లల్లో బతికి బట్టకట్టినవి ఒక పుంజు, మూడు పెట్టలు. కడక్‌నాథ్ పెట్టలకి గుడ్లు పెట్టడమే గానీ వాటిమీద కుదురుగా కూర్చునే ఓపిక తక్కువ. అందుకే వాటి గుడ్లని నాటుపెట్ట కింద పెట్టాను.

"పొదిగినదాని పోలిక వచ్చుంటుంది లెండి" అంది మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి. ఊళ్లో చాలామంది నమ్మకం కూడా అదే. కానీ పొదిగే పెట్ట ఇచ్చేది వేడి, కాపలా అంతే. గుడ్డు బయటికొచ్చేసరికే పోలికల ఖాతా మూసేసి ఉంటుంది. పోనీ నాటుపెట్ట గుడ్లే కలిసిపోయాయా అంటే, పెట్టిన ప్రతి గుడ్డు మీదా నేను పెన్సిల్‌తో 'క' అని రాశాను. పెంకు ముక్కలు ఏరి చూపించాను. అన్నింటి మీదా క ఉంది.

మనవరాలు వదిలే రకం కాదు. "పక్కింటి పుంజు గోడ దూకి వస్తుంది కదా!"

మంచి ప్రశ్న. పైగా అది గుడ్డు పెట్టే రోజునే రానక్కర్లేదు, దానికి పది రోజుల ముందు వచ్చినా చాలు. పెట్ట కడుపులో, గుడ్డు దిగే గొట్టంలో సన్నటి అరలుంటాయి. వాటిలో పుంజు బీజం రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు కూడా ప్రాణంతో నిలవుంటుంది. అందుకే మంచి జాతిని పెంచేవాళ్లు పుంజుని మార్చాక మూడు వారాలదాకా ఆ పెట్ట గుడ్లని పిల్లలకి వాడరు, కూరకి వాడతారు. పక్కింటి పుంజుకి బూడిదరంగు కాళ్లు. ఆ కాళ్ల సంగతి తరవాత మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి. అసలు సంగతేమిటంటే, ఆ పుంజు గోడ దూకినా సరే, నా పెట్టలు నిజంగా స్వచ్ఛమైనవే అయితే పిల్లలు నల్లగానే పుట్టాలి.

ఎందుకంటే నలుపు అంత గట్టిది. మామూలు కోడిపిల్ల గుడ్డులో తయారయ్యేటప్పుడు రంగునిచ్చే కణాలు వెన్ను దగ్గర పుట్టి, బయటికి నడిచి ఈకల దగ్గర ఆగిపోతాయి. రంగులేసేవాళ్లు వచ్చి బయటి గోడలకి వేసి వెళ్లిపోయినట్టు. కడక్‌నాథ్‌లో వాళ్లని పిలిచే మేస్త్రీలు ఎక్కువమంది. ఈడీఎన్3 అనే జన్యువు ఉన్న డీఎన్‌ఏ ముక్క, 20వ క్రోమోజోమ్ మీద, రెండుసార్లు అచ్చయింది. పిలుపు రెట్టింపయ్యేసరికి కూలీలు పొలోమని ఇంట్లోకి దూరి నడవకీ వంటింటికీ దేవుడి గదికీ కూడా నలుపు కొట్టేశారు. అందుకే తోలు, నాలుక, కండ, ఎముక మీది పొర అన్నీ నలుపు. రక్తం మాత్రం ఎర్రగానే ఉంటుంది. గుడ్డు పెంకు లేత గోధుమరంగు. వాట్సాప్‌లో తిరిగే 'కడక్‌నాథ్ నల్లగుడ్డు' ఫొటోని ఎవరైనా పంపితే నవ్వి ఊరుకోండి.

ఆ రెండుసార్ల అచ్చు తల్లినుంచో తండ్రినుంచో ఒక్కరి దగ్గర్నుంచి అందినా చాలు, పిల్ల నల్లనవుతుంది. కాకపోతే రెండువైపుల నుంచీ వచ్చినదాని నలుపంత చిక్కగా ఉండదు. తెల్లపిల్ల పుట్టాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ తెల్లచీటీ, అంటే ఆ రెండుసార్ల అచ్చు లేని మామూలు ముక్క, ఇచ్చి ఉండాలి. అంటే ఆ మూడు పిల్లల తండ్రి నా పుంజైనా, పక్కింటిదైనా, వాటి తల్లి దగ్గర మాత్రం తెల్లచీటీ దాగి ఉంది. నేను కొన్నది సగం సరుకు.

మనవరాలికి ఇది నోటితో చెబితే ఎక్కలేదు. అప్పుడు అష్టాచెమ్మాకని మా ఆవిడ దాచిన చింతపిక్కలు బయటికొచ్చాయి. పిక్కని అరగదీసి చెక్కలు చేస్తే ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. రెండు చెక్కలు ఇచ్చాను. ఒకటి తండ్రి, ఒకటి తల్లి. రెండూ తెల్లగా పడితేనే తెల్లపిల్ల, ఒక్కటి నల్లగా పడ్డా నల్లపిల్ల. పన్నెండుసార్లు వేసింది, నాలుగు తెల్లపిల్లలు. మళ్లీ పన్నెండుసార్లు వేస్తే రెండే. ఆటవదలక మధ్యాహ్నం దాకా వందసార్లు వేసి, ఇరవయ్యేడని నోటుపుస్తకంలో రాసుకుంది. నాలుగింట ఒకటి అన్న లెక్క వందల్లో కనపడినంత తేటగా పన్నెండులో కనపడదు. మా గంపలో సరిగ్గా మూడే రావడం అచ్చంగా అదృష్టం.

మెండెల్ బఠాణీల మీద చూసింది జంతువుల్లో కూడా నడుస్తుందని మొదట తేల్చిన వాటిలో కోడి ఒకటి. ఇంగ్లండులో విలియం బేట్‌సన్ కోళ్ల జుట్టు ఆకారాల మీద చేసిన పని 1902లో బయటికొచ్చింది. ఆయనా, తోటి శాస్త్రవేత్త పున్నెట్టూ కలిసి 1911లో మన నల్లతోలు సంగతే పట్టుకున్నారు. వాళ్ల దగ్గరున్నది సిల్కీ. పిల్లిబొచ్చులాంటి ఈకలు, లోపల నల్లతోలు. దాన్ని బ్రౌన్ లెగ్‌హార్న్ అనే జాతితో కలిపారు. సిల్కీ పెట్టకి లెగ్‌హార్న్ పుంజుని కడితే పిల్లలన్నీ ఏదో నీడ పడినంత నలుపు. తిరగేసి సిల్కీ పుంజుని లెగ్‌హార్న్ పెట్టలకి కడితే మగపిల్లలు మాత్రమే అలా వెలిసినట్టు ఉండి, ఆడపిల్లలన్నీ నిగనిగలాడే నలుపు!

దీని కీలకం ఏమిటంటే, మనలో బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి. కోళ్లలో తేల్చేది తల్లి. పెట్టకి ఒక జెడ్ క్రోమోజోమ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. జెడ్‌ని కొడుకులకిస్తుంది, డబ్ల్యూని కూతుళ్లకిస్తుంది. తోలులో నలుపుని అణిచిపెట్టే జన్యువు ఒకటి జెడ్ మీద కూర్చుని ఉంది, అది లెగ్‌హార్న్‌కి ఉంది. లెగ్‌హార్న్ తల్లి దాన్ని కొడుకులకే ఇవ్వగలదు. కూతుళ్లు తండ్రి నలుపుతో తప్పించుకుంటారు. పసుపుకాళ్ల, తెల్లకాళ్ల కోళ్లకి ఈ అణిచేది ఉన్నట్టు లెక్క. బూడిదకాళ్లంటే లేనట్టు. పక్కింటి పుంజు కాళ్లు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. దానివి పసుపుకాళ్లయి ఉంటే నా పెట్టలు స్వచ్ఛమైనవైనా పిల్లలు వెలిసిపోయి పుట్టేవి, నేను అమ్మినవాణ్ణి అన్యాయంగా తిట్టుకునేవాణ్ణి.

దీంట్లో సంత వ్యాపారం కూడా ఒకటుంది. ఎక్కణ్ణుంచో ఒక్క అసలు కడక్‌నాథ్ పుంజుని తెచ్చి ఊళ్లోని పసుపుకాళ్ల పెట్టల మధ్య వదిలితే చాలు. ఆడపిల్లలన్నీ నాలుకతో సహా నల్లగా వస్తాయి. మగవాటిని కోసుకుతిని, పెట్టల్ని 'ఒరిజినల్' అని అమ్ముకోవచ్చు. పెట్టపిల్లలే అమ్ముతానని, పుంజులు అయిపోయాయని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది.

మరి అసలుదో కాదో ఎలా చూడాలంటారా? మీ పుంజుని బూడిదకాళ్ల తెల్లతోలు నాటుపెట్టలతో విడిగా కట్టి పది పిల్లలు తీయించండి. ఒక్క తెల్లపిల్ల వచ్చినా పుంజు కలగలుపే. కలగలుపు పుంజుకి పదికి పదీ నల్లగా రావడానికి వెయ్యింట ఒక వంతు అవకాశం మాత్రమే. అయితే ఈ పరీక్ష తేల్చేది నలుపు సంగతొక్కటే, జాతి సంగతి కాదు. ఇండోనేషియాలోని అయామ్ సెమనీ, చైనా సిల్కీ, మన కడక్‌నాథ్ అన్నిట్లోనూ ఉన్నది ఒక్క పాత అచ్చుతప్పే. ఆ ఒక్క ముక్కని ఏ కోడిలోకైనా నాలుగైదు తరాల్లో ఎక్కించవచ్చు. కడక్‌నాథ్ అంటే ఝాబువా, ధార్, అలీరాజ్‌పూర్ వైపు భిల్లులు, భిలాలలు తరతరాలుగా పెంచుకుంటూ వచ్చిన చిన్నపాటి కోడి. అక్కడి ఎండకీ గుట్టలకీ తిండికీ అలవాటుపడినది. వాళ్లు పిలిచే పేరు కాలీమాసీ. పుంజు రెండు కిలోలు దాటడమే గొప్ప. 'మూడున్నర కిలోల కడక్‌నాథ్' అని ఎవరన్నా గొప్పగా చూపిస్తే అందులో ఇంకెవరో దూరారన్నమాట. పుట్టిన పిల్ల కూడా ఒకేరంగు బొగ్గుముద్దలా ఉండాలని లేదు. నీలంతిరిగిన నలుపు మీద వీపున చారలుండవచ్చు.

2018లో ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో ధోనీ తన తోటకోసం రెండువేల పిల్లలకి ఆర్డరిచ్చాడని పేపర్లో పడింది. ఇక చూస్కోండి, దేశంలో ఉన్న ప్రతి నల్లకోడీ కడక్‌నాథే అయిపోయింది. అంతకు ముందే, 2019లో, మహారాష్ట్రలో సాంగ్లీ వైపు 'పిల్లలు మేమిస్తాం, గుడ్లు మేమే కొంటాం' అన్న మాట నమ్మి ఎందరో రైతులు అప్పులపాలయ్యారు. అక్కడ మోసం పిల్లలో కాదు, కాగితంలో ఉంది. కానీ రెండింటికీ దారి చూపింది ఒకటే, పేరుమీది మోజు. ఈ కోడి మాంసం ఫలానా రోగానికి మందని చెప్పి అమ్మేవాళ్లని కూడా నేను ఈ లెక్కలోనే కడతాను. కొవ్వు తక్కువ, నమలడం ఎక్కువ, రుచి బాగుంటుంది. నాకది చాలు.

మన తెలుగువాళ్లకి పేరు దగ్గర ఇంకో తికమక ఉంది. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని కోడిపుంజులకి ఎన్ని పేర్లో! గోదావరి జిల్లాల్లో ముసలాళ్లు అల్లంత దూరంలోంచి చూసి చెప్పేస్తారు. అయితే అవన్నీ ఈకల రంగుల పేర్లు. ఒక్క తల్లి గుడ్లలోంచే డేగా రావచ్చు, కాకీ రావచ్చు. 'డేగ జాతి పిల్లలు, జత ఇంత' అని ఈమధ్య అమ్ముతున్నారు. అది 'ఎర్రచీర జాతి ఆడవాళ్లు' అన్నట్టుంది. జాతి పేరు అసీల్. పొడుగు మెడ, నిటారు నిలువు, తలకి అంటుకున్నట్టుండే పొట్టి బఠాణీ జుట్టు, ఈకలు పలచగా ఉండి కండకనపడే రొమ్ము. పందేలు చట్టానికి విరుద్ధం, వాటి కబుర్లు నాకొద్దు. కానీ పందెం మోజులో అసీల్‌కి ఏవేవో విదేశీ పుంజుల్ని కలిపేసి, అసలు అసీల్‌ని వెతుక్కునే పరిస్థితి తెచ్చారన్న బాధ మాత్రం ఉంది.

అసీల్ కాకుండా మనకి ఇంకా జాతులున్నాయని ఎందరికి తెలుసు? విజయనగరం, శ్రీకాకుళం వైపు డంకి. చిత్తూరు వైపు కాళస్తి. కర్ణాటక సరిహద్దు దాకా ఘాగస్. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ పట్టికలో ఇవన్నీ పేరుపేరునా నమోదై ఉన్నాయి. ఝాబువా కోడికోసం ఇంత తాపత్రయపడిన నేను, మా నాటుపెట్ట ఏ జాతిదో ఒక్కరోజు కూడా విచారించలేదు.

నాటు అనేది కూడా జాతిపేరు కాదనుకోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ తయారుచేసింది. రంగురంగుల ఈకలు, చలాకీ నడక, నాటుపెట్ట కన్నా చాలా ఎక్కువ గుడ్లు. చక్కటి కోళ్లు. వాటిని ఆ పేరుతోనే అమ్మితే ఎవరికీ నష్టం లేదు. నాటు రేటుకి నాటు అని అమ్మితేనే వస్తుంది తంటా. కొన్నవాళ్లు ఆ గుడ్లనే పొదిగించుకుందామనుకుంటారు. వనరాజా కూర్చుని పొదగదు. వేరే పెట్ట కింద పెట్టి పిల్లలు తీసినా, అది లెక్కగా కలిపిన సంకరం కాబట్టి, పిల్లలు తల్లిలా రావు. ఒకటి గుడ్లు తగ్గి, ఒకటి బరువు తగ్గి, చింతపిక్కలు ఎగరేసినట్టే.

ఇది మన సంతకే పట్టిన రోగం కాదు. మా అన్నయ్య కొడుకు టెక్సాస్‌లో పెరట్లో నాలుగు కోళ్లు పెంచుతాడు. నీలం గుడ్లు పెట్టే అమెరాకానా అని కొన్నాడు. ఒకటి నీలం, రెండు ఆకుపచ్చ, ఒకటి గులాబి ఛాయ గుడ్డు పెట్టాయి. నీలం పెంకు కూడా ఒక్క జన్యువు మాటే. అక్కడ ఆ జాతిని 1984లో గుర్తించారు గానీ, నీలం గుడ్ల రక్తం కాస్త ఉన్న ప్రతి కలగలుపునీ అదే పేరుతో అమ్మేవాళ్లున్నారు. అక్కడివాళ్లు వాటిని ఈస్టర్ ఎగ్గర్స్ అంటారు. పేరు తప్పయితే తప్పయింది గానీ, బుట్టలో గుడ్లు దీపావళిలా ఉన్నాయని వాడు సంబరపడుతున్నాడు.

అసలు స్వచ్ఛం అన్న మాటే కోడి విషయంలో కొంచెం నవ్వొచ్చేది. పెంపుడు కోడి ఎర్ర అడవికోడి సంతతి అంటారు. కానీ 2008లో తేలిందేమిటంటే, పసుపుతోలు, పసుపుకాళ్ల జన్యువు దానిది కాదు, మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిద అడవికోడిది. ఎప్పుడో ఏ పల్లెలోనో ఒక అడవిపుంజు గోడ దూకింది. లెగ్‌హార్న్ కాళ్లు కూడా ఆ చలవే. పక్కింటి పుంజు పని ఆ లెక్కన మరీ కొత్తదేం కాదు.

అలాగని పేరుకి విలువలేదనను. జాతి అంటే రేపు పుట్టబోయే పిల్ల ఎలా ఉంటుందో ఇవాళే చెప్పగలిగే మాట. డబ్బు ఇచ్చేది ఆ మాటకే. కాబట్టి పిల్ల నాలుక చూడ్డం కన్నా అమ్మేవాడి దొడ్డి చూడ్డం మేలు. తల్లిదండ్రుల్ని చూపించమనాలి, నిరుటి పిల్లల్ని కూడా చూపించమనాలి. పుంజుల్ని విడివిడిగా కట్టాడా, ఒకే దొడ్లో ఆరు జాతులు కలిసి తిరుగుతున్నాయా కంటితో చూస్తే తెలిసిపోతుంది. 'నిరుడు ఎన్ని తేడా పిల్లలొచ్చాయండీ?' అని నేనిప్పుడు అడుగుతాను. 'ఒక్కటీ లేదు' అనేవాడికన్నా 'రెండొచ్చాయి, ఆ పెట్టని తీసేశాను' అనేవాడి దగ్గర కొంటాను. ఝాబువాలో కృషి విజ్ఞాన కేంద్రమే పిల్లల్ని ఇస్తుంది. వరసలో ఆగాలి, ఆగడం తప్పుకాదు.

బస్సులో అట్టపెట్టెలో తెప్పించుకునేవాళ్లకి ఒక మాట. పిల్ల పొట్టలో గుడ్డు పచ్చసొన మిగులు ఉంటుంది, దాని చద్దిమూట అది. రెండు మూడు రోజులు దాంతో బతుకుతుంది. అది ఆకలికే గానీ మే నెల ఎండకి పనికిరాదు. నేను కొన్న పదిలో నాలుగు మొదటి వారంలోనే పోయాయి, ఇంకో రెంటిని కొక్కెర తెగులు తీసుకెళ్లింది. మొదటిరోజు మారెక్స్ టీకా, వారంరోజుల వయసులో కంట్లో లసోటా చుక్క వేశారా అని అడగలేదు. కొత్తవాటిని మూడు వారాలు విడిగా ఉంచాలన్నది నేనే పిల్లలకి పాఠం చెప్పి, నేనే మానేశాను. ఆ తెగులుకి మా ఆవిడ పాత నాటుపెట్టలు రెండు కూడా పోయాయి. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ పండక్కీ పబ్బానికీ వస్తుంది. ఇంకోటి, పది పిల్లలు కొంటే సుమారు ఐదు పుంజులే. వాటినేం చేస్తారో ముందే అనుకోండి. తెల్లారుజామున మూడింటికి ఐదు గొంతులు లేచాక ఆలోచిస్తే కుదరదు.

దసరాకి మనవరాలు మళ్లీ వచ్చేసరికి పిల్లలు పెద్దవయ్యాయి. తెల్లతోలువి మూడింటికీ కాళ్లు మెల్లగా బూడిదరంగుకి తిరిగాయి. దాన్నిబట్టి వాటి తాతల్లో ఒకరు బూడిదకాళ్ల నాటుకోడి అయ్యుంటారని ఇద్దరం ఊహించాం. నల్లవాటిలో కూడా నలుపు ఒకలా లేదు. మూడు కాటుక, మిగతావి బొగ్గు బూడిద. పుంజొకదాని జుట్టు ఎర్రజీర తిరిగింది.

ఆ రోజు వీధిలోంచి ఎవరో స్కూటరు ఆపారు. "మాస్టారూ, కడక్‌నాథ్ ఉన్నాయంట. అమ్ముతారా?"

నేను నోరు తెరిచేలోగానే మనవరాలు గోడ మీదనుంచి చెప్పేసింది. "సగమే కడక్‌నాథ్ అండీ. సగం ఏదో మాక్కూడా తెలీదు."

ఆయన కాసేపు ఆలోచించాడు.

"అయితే సగం రేటుకిస్తారా?"